మా ఇంట్లో ఆటలమ్మ: బాబుకి పొక్కులు, మా అందరికీ ఆడపడుచు గురించి టెన్షన్

మా బాబుకి ఫిబ్రవరి 20న ఆటలమ్మ పోసింది. వాడికి ఆరేళ్ళు, ఒకటో తరగతి. మార్చి 7న పాపకీ వచ్చింది, దానికి మూడేళ్ళు. ఇది రాస్తున్నది మార్చి 10 రాత్రి. ఈ మూడు వారాల్లో పొక్కుల గురించి, పత్యం గురించి, వేపాకు గురించి చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. అదే ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే మొదటి రెండు రోజుల్లో ఏం చేయాలో మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళేదాకా ఎవరూ చెప్పలేదు. ముఖ్యంగా దాని కోసమే రాస్తున్నాను.

మాది తెనాలి. మావారు రోజూ గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళొస్తారు, అక్కడ కమీషన్ కొట్లో లెక్కలు రాస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలలంటే యార్డులో సీజన్. ఆయనకి సెలవు అన్న మాటే ఉండదు. ఇంట్లో అత్తయ్య, మేమిద్దరం, పిల్లలిద్దరూ. ఫిబ్రవరి 16 ఆదివారం నాడు మా ఆడపడుచుని హైదరాబాద్ నుంచి పురిటికి తీసుకొచ్చాం. ఏడో నెల, తొలి కాన్పు. మా వాడికి మేనత్త అంటే ప్రాణం. వచ్చిన రాత్రి నుంచి ఆమె పక్కనే పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసి లోపల పాపాయి కదులుతోందా అని చూస్తూ నిద్రపోయేవాడు.

19 బుధవారం సాయంత్రం స్కూల్ నుంచి వచ్చి, బ్యాగు కూడా తీయకుండా సోఫాలో వాలిపోయాడు. ఒళ్ళు వెచ్చగా ఉంది. థర్మామీటర్ పెడితే 100.4. అన్నం వద్దన్నాడు. మర్నాడు పొద్దున స్నానం చేయిస్తుంటే వీపు మీద రెండు మూడు ఎర్రటి చుక్కలు కనిపించాయి. దోమకాట్లకీ వాటికీ అప్పటికి ఏ తేడా లేదు. మధ్యాహ్నానికి పొట్ట మీద, చెవి వెనక, చంకలో వచ్చాయి. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద చొక్కా విప్పి నిలబెట్టి చూశాను. ఒక్కో ఎర్రటి చుక్క నడుమ నీటిబొట్టు నిలిచినట్టుంది. పక్క నుంచి చూస్తే మెరుస్తోంది. అంత పల్చటి పొర, చెయ్యి తగిలితే పగిలేలా ఉంది. వేరే ఏ దద్దురులోనూ నేను అలాంటిది చూడలేదు.

అత్తయ్య ఒక్కసారి చూసి చెంపలు వేసుకున్నారు. "అమ్మవారు పోసిందమ్మాయ్, వాణ్ణి ఏమీ అనకు" అన్నారు. ఆ వెంటనే మా ఇద్దరి చూపూ ఒకేచోటికి వెళ్ళింది. అదే చాప మీద, వాడి కంచంలోంచి వాడికి పెరుగన్నం కలిపి పెడుతూ మా ఆడపడుచు కూర్చుని ఉంది. "నువ్వు లేచి అవతల గదిలోకి వెళ్ళవే" అని అత్తయ్య అరిచినంత పని చేశారు. ఆ పిల్ల కంచం అక్కడే పెట్టి, ఎంగిలిచేత్తోనే లేచి నిలబడింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "నాకు చిన్నప్పుడు వచ్చిందా అమ్మా?" అని అడిగింది. అత్తయ్య సమాధానం చెప్పలేకపోయారు.

ఆ రాత్రి ఇంట్లో జరిగిన చర్చంతా దీని మీదే. మావారికి తొమ్మిదో ఏట పోసింది, అందరికీ గుర్తుంది. అప్పుడు రెండేళ్ళ చెల్లెల్ని రేపల్లెలో పెద్దమ్మగారింటికి పంపేశారు. మరి అక్కడ ఆమెకి వచ్చిందా? అత్తయ్య రాత్రి పదింటికి రేపల్లె ఫోన్ చేశారు. "ఎందుకు రాలేదు, దానికీ నాలుగు పొక్కులు లేచాయి, వేపాకు నీళ్ళు పోశాం కూడా" అన్నారు పెద్దమ్మ. వెనక నుంచి పెదనాన్నగారు "అవి చెమటకాయలు, అప్పుడు రోహిణీ కార్తె" అనడం ఫోన్లో వినిపించింది. అత్తయ్య కూతురి కణత మీద చిన్న గుంట లాంటి మచ్చని వేలితో తడుముతూ చాలాసేపు చూశారు. అది రోలు మీద పడ్డప్పుడు తగిలిన దెబ్బ అని ఆమే ఇదివరకు చెప్పేవారు. ఇప్పుడు ఆ మాట గట్టిగా చెప్పలేకపోతున్నారు.

శుక్రవారం 21న పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. వెళ్ళేముందు ఫోన్ చేయడం మంచిదైంది. ఆటలమ్మ అనుమానం అనగానే రిసెప్షన్ అమ్మాయి "పైకి రావద్దు మేడమ్, ఆటోలోనే ఉండండి, మేమే పిలుస్తాం" అంది. హాల్లో టీకాలకి వచ్చిన నెలల పిల్లలుంటారు, బాలింతలుంటారు, గాలి ద్వారానే అంటుకుంటుంది కదా. ముప్పావుగంట ఎండలో ఆటోలో కూర్చున్నాం. వాడికి చిరాకు, నాకు కంగారు. అయినా ఆ పద్ధతి నాకు నచ్చింది. మీరు కూడా ఫోన్ చేయకుండా తిన్నగా వెళ్ళిపోవద్దు.

డాక్టర్‌గారు వాడి జుట్టు పాయలు తీసి మాడు చూశారు. నోట్లో టార్చ్ వేశారు, అంగిలి మీద కూడా రెండు ఉన్నాయి. "ఇది ఇంకా చుక్కే. ఇది నీటి పొక్కు. ఇది అప్పుడే ఎండుతోంది. ఒకే చోట మూడు దశలూ కనిపిస్తే ఆటలమ్మే" అని వీపు మీద వేలు పెట్టి చూపించారు. పోయిన వానాకాలం మా వీధి పిల్లలకి చేతుల మీద, నోటి చుట్టూ వచ్చిన పొక్కుల గురించి అడిగాను. అది వేరే వైరస్, అది అరచేతులు, అరికాళ్ళు, నోరు, పిరుదుల మీద ఎక్కువగా వస్తుంది, ఆటలమ్మ ఒంటి మీద, ముఖం మీద, తలలో ఎక్కువ అన్నారు. తట్టు అయితే ముందు మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్ళు ఉండి, దద్దురు ముఖం నుంచి కిందికి దిగుతుంది, అందులో నీరు చేరదు అని కూడా చెప్పారు.

మందులు చాలా తక్కువ రాశారు. జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే. వాడి బరువు 20 కిలోలు కాబట్టి 250 సిరప్ 6 మిల్లీలీటర్లు, ఆరు గంటలు గడిచాక, అదీ జ్వరం ఉంటేనే. (ఇది వాడి బరువుకి. మీ పిల్లలకి మీ డాక్టర్ చెప్పినంతే.) దురదకి రాత్రి పూట ఒక సిరప్, పైపూతకి కాలమైన్ లోషన్. యాంటీబయాటిక్ లేదు. వైరస్ మందు ఎసైక్లోవిర్ కూడా, ఆరోగ్యంగా ఉన్న పన్నెండేళ్ళలోపు పిల్లలకి మామూలుగా అక్కర్లేదన్నారు. రెండు విషయాలు మాత్రం చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి గీత గీశారు: ఐబుప్రొఫెన్ వద్దు, ఆస్పిరిన్ వద్దు. ఆటలమ్మలో ఐబుప్రొఫెన్ వాడితే చర్మం లోపల తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుందట. ఆస్పిరిన్ అయితే లివర్, మెదడు దెబ్బతినే రేయ్స్ సిండ్రోమ్ రావచ్చట. ఇది ఊరికే చెప్పడం లేదు. అదే రోజు మందుల షాపులో నాకు ఇవ్వబోయింది పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కలిసిన సిరప్. "రెండూ జ్వరానికే కదమ్మా" అన్నాడతను. సీసా తిప్పి పేరు చదివి వెనక్కి ఇచ్చేశాను.

వాడికి టీకా ఎందుకు లేదంటే, మేం ప్రభుత్వ టీకాలన్నీ వేళకి వేయించాం, కార్డు నిండా తేదీలే. ఆ కార్డులో ఆటలమ్మకి గడే లేదు. అది ప్రభుత్వ కార్యక్రమంలో లేదు, ప్రైవేటుగా రెండు డోసులు వేయించుకోవాలి. పాపకీ వేయలేదు. ఇంట్లో ఒకరికి పోసిన మూడు రోజుల్లో, మహా అయితే ఐదు రోజుల్లో టీకా వేస్తే రెండో వాళ్ళకి రాకుండా ఆగొచ్చు, వచ్చినా తేలిగ్గా పోతుందని డాక్టర్‌గారు చెప్పారు. గ్యారంటీ మాత్రం లేదన్నారు. అత్తయ్యకి ఫోన్ చేసి పాపని తెప్పించి, ఆ మధ్యాహ్నమే వేయించేశాం. 2,150 రూపాయలు. కన్సల్టేషన్ 400.

తర్వాత అసలు ప్రశ్న అడిగాను. ఆయన పెన్ను పక్కన పెట్టేశారు. "ఏడో నెలా? ఆమెకి ఇదివరకు వచ్చిందా?" తెలియదన్నాను. పొక్కు కనపడకముందు ఒకటి రెండు రోజుల నుంచే వైరస్ అంటుకుంటుందట. అంటే వాడి చెయ్యి ఆమె పొట్ట మీద ఉన్న రాత్రుల్లోనే అంటుకుని ఉండొచ్చు. చిన్నప్పుడు వచ్చి ఉంటే భయం లేదు, లేకపోతే ఏడో నెలలో తల్లికి న్యుమోనియా అయ్యే ప్రమాదం ఎక్కువ అన్నారు. గర్భిణికి ఈ టీకా వేయరు. రోగనిరోధక శక్తి లేదని తేలితే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు, అది సోకిన పది రోజుల్లోపు ఇవ్వాలి, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. ఖరీదు వేలల్లో ఉంటుంది, చెప్పగానే దొరికేది కాదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. "అందుకే పొక్కులు వస్తాయేమో చూద్దాం అని కూర్చోవద్దు. ఇవాళే ఆమె గైనకాలజిస్ట్‌కి ఫోన్ చేయండి, రక్తం ఇవ్వండి" అన్నారు.

ఆటోలోంచే ఫోన్ చేశాను. హైదరాబాద్ డాక్టరమ్మ కూడా అదే మాట చెప్పారు, పైగా ఒక జాగ్రత్త చెప్పారు: ల్యాబులో వారిసెల్లా (అంటే ఆటలమ్మ వైరస్) ఐజీజీ అని అడగండి, ఐజీఎమ్ కాదు. ఐజీజీ పాత రక్షణ ఉందో లేదో చెబుతుంది. ఐజీఎమ్ కొత్తగా సోకినప్పుడు చూసేది, ఇప్పుడు మనకి పనికిరాదు. తీరా ల్యాబుకి వెళ్తే అక్కడి కుర్రాడు ఐజీఎమ్ అనే రాశాడు. మా ఆడపడుచే చూసి దిద్దించింది. పరీక్షకి 1,600. శాంపిల్ ఇక్కడ తీసుకుంటారు కానీ పరీక్ష హైదరాబాద్‌లో. శనివారం రాత్రికి రిపోర్ట్ వస్తుందన్నారు, ఆదివారం సాయంత్రం నాలుగింటికి వచ్చింది.

ఈలోగా ఆమెని ఎక్కడ ఉంచాలి? అత్తయ్య అప్పటికప్పుడు కారు మాట్లాడి హైదరాబాద్ పంపేస్తానన్నారు. ఆ ఇంట్లో ఆమె తోటికోడలికి నాలుగు నెలల బాబు ఉన్నాడు. ఇప్పటికే సోకి ఉంటే ఎనిమిదో రోజు నుంచి ఆమె ద్వారా వాళ్ళకి అంటుకునే వీలుంది, రిపోర్ట్ రాకుండా పంపొద్దని పిల్లల డాక్టర్ గట్టిగా చెప్పారు. చివరికి చెంచుపేటలో ఆమె మేనమామ ఇంటికి వెళ్ళింది. అక్కడ ఉండేది ఇద్దరే, పెద్దవాళ్ళు, ఇద్దరికీ చిన్నప్పుడే వచ్చింది. వెళ్ళేటప్పుడు బాబు కిటికీ ఊచలు పట్టుకుని "అత్తా, నా వల్లా?" అని అడిగాడు. ఎవరు అన్నారో ఆ మాట వాడి చెవిన పడింది. ఆమె గేటు దగ్గరే ఆగి, ఏడుపు మింగుకుని, "నీ వల్ల కాదు నాన్నా, నాకు మామయ్య ఇంట్లో మామిడికాయ పప్పు తినాలనుంది" అంది. పెద్దవాళ్ళకి నా విన్నపం ఒకటే. ఎవరికి అంటించాడు, ఎక్కడి నుంచి తెచ్చాడు అని పిల్లల ముందు మాట్లాడకండి. ఒళ్ళంతా పొక్కులతో ఉన్న పిల్లాడు ఆ మాట కూడా మోయాల్సిన పని లేదు.

శుక్ర, శనివారం రాత్రులు చాలా కష్టంగా గడిచాయి. పగలంతా ఎలాగో ఆడించొచ్చు. రాత్రి లైటు తీసేశాక దురద మొదలవుతుంది. వాడు ముందు గొణిగేవాడు, తర్వాత ఏడ్చేవాడు, తర్వాత రెండు చేతులతోనూ రక్కేసుకోబోయేవాడు. గోళ్ళు బాగా పొట్టిగా కత్తిరించి, అంచులు రుద్దాను. నిద్రలోకి జారాక చేతులకి పాత కాటన్ సాక్సులు తొడిగాను. దుప్పటి మీద మావారి పాత పంచె పరిచాను, ఉతికి ఉతికి మెత్తబడిన బట్ట కంటే మంచిది లేదు. ఫ్యాన్ బాగా తిప్పాలి. చలి చేస్తుందని కప్పితే చెమటకి దురద రెట్టింపవుతుంది. కాలమైన్ సీసా బాగా కుదిపి, పొక్కుల మీద దూదితో అద్దాలి. కంటి దగ్గర, నోట్లో పెట్టకూడదు. పెట్టిన కాసేపు చల్లగా ఉంటుంది, ఆరిపోయాక మళ్ళీ మొదలు.

మాకు అన్నిటికంటే పనిచేసింది అత్తయ్య వేప మండ. లేత ఆకులున్న కొమ్మ తడిపి, దులిపి, పొక్కుల మీద పైపైన నిమురుతూ కూర్చున్నారామె. గోరు తగలదు, చల్లగా ఉంటుంది, దురద తీరినట్టుంటుంది. ఒక చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చుకుంటూ రాత్రి రెండింటి దాకా నిమిరారు. నేను లేస్తానంటే "నువ్వు పడుకో, పొద్దున నీ వంతు" అన్నారు.

ఎవరూ చెప్పని చోట్ల కూడా పొక్కులు వస్తాయని ముందే తెలిస్తే బాగుండేది. శనివారం పొద్దున వాడు ఉచ్చ పోయనని మొండికేశాడు. చూస్తే చర్మం లోపల రెండు పొక్కులు, మంట. టబ్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి కూర్చోబెట్టి, ఆ నీళ్ళలోనే పోసెయ్యమంటే ఊరట దొరికింది. నోట్లో పొక్కుల వల్ల పులుపు, ఉప్పు, వేడి ఏదీ తగలనివ్వలేదు. చల్లారిన రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, కొబ్బరినీళ్ళు, పల్చటి మజ్జిగ, అంతే. కంటిరెప్ప అంచున ఒకటి లేస్తే ఫొటో తీసి డాక్టర్‌కి పంపాను. రెప్ప మీద ఉంటే పర్లేదు, కన్ను ఎర్రబడినా, నొప్పి అన్నా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే కంటి డాక్టర్‌కి చూపించమన్నారు. అదృష్టవశాత్తూ అంతదాకా రాలేదు.

మావారి విషయంలో మాకు మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటి ఎదురైంది. యార్డు నుంచి వచ్చే మనిషి బట్టల నిండా మిరపకాయల ఘాటే. మామూలు రోజుల్లోనే పాప తుమ్ముతుంది. శుక్రవారం రాత్రి ఆయన రాగానే ఆత్రంగా వాణ్ణి ఎత్తుకోబోతే, చెయ్యి తగిలిన చోటల్లా మండి వాడు కెవ్వుమన్నాడు. అప్పటి నుంచి ఆయన పెరట్లోనే బట్టలు విప్పి బకెట్లో నానేసి, తలస్నానం చేశాకే లోపలికి రావడం. కారం పని, సిమెంటు పని చేసే నాన్నలున్న ఇళ్ళలో ఇది గుర్తుంచుకోండి.

స్నానం దగ్గర అత్తయ్యకీ డాక్టర్‌కీ పడదేమో అని భయపడ్డాను. అమ్మవారు దిగేదాకా నీళ్ళు పోయకూడదన్నది ఆమె పట్టింపు. రోజూ గోరువెచ్చని నీళ్ళు పోసి, రుద్దకుండా తుడవాలన్నది ఆయన మాట. నేను వాదించకుండా ఫోన్ స్పీకర్‌లో పెట్టి డాక్టర్‌గారితోనే మాట్లాడించాను. "వేపాకు వేసి కాచి చల్లార్చిన నీళ్ళతో ఒళ్ళు తడపండమ్మా, సబ్బు వద్దు, తల తర్వాత చూద్దాం" అన్నారాయన. వేపాకు మాట వినగానే ఆమె ఒప్పుకున్నారు. పసుపు ముద్ద మాత్రం పగిలిన పొక్కుల మీద పూయొద్దన్నారు. పచ్చగా ఉంటే చీము పట్టినా, చుట్టూ ఎర్రబడినా కనపడదు కదా. మిగతా ఆచారాలన్నీ జరిగాయి. గుమ్మానికి వేప మండలు, తాలింపు లేని వంట, ఎవరింటికీ వెళ్ళకపోవడం, ఎవరినీ రానివ్వకపోవడం. ఈ చివరి రెండూ డాక్టర్ చెప్పినవీ అవే. అన్నట్టు అత్తయ్యకి రెండేళ్ళ క్రితం నడుము మీద సర్పి వచ్చింది. అది కూడా ఇదే వైరస్సట, చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళ నరాల్లో దాగి ఉండి ముసలితనంలో లేస్తుందట. కాబట్టి ఆమె వాడి దగ్గర ఉండటానికి భయం లేదని తేలింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా ఆడపడుచు ఫోన్ నుంచి మెసేజ్. "వదినా, పాజిటివ్." నా కాళ్ళు ఆడలేదు. కరోనా రోజుల నుంచి పాజిటివ్ అంటే చెడ్డ వార్తే కదా మనకి. రెండు నిమిషాలకి కానీ తట్టలేదు, ఐజీజీ పాజిటివ్ అంటే ఆమె ఒంట్లో రక్షణ ఉందని. హైదరాబాద్ డాక్టరమ్మ రిపోర్ట్ చూసి "హాయిగా ఉండమనండి, ఇంజెక్షన్ అక్కర్లేదు" అన్నాక అత్తయ్య దేవుడి గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. రేపల్లె పెద్దమ్మ చెప్పిందే నిజమైంది. ఆమెకి ఫోన్ చేస్తే "నేను చెప్పలా" అన్నారు, గొంతు మాత్రం వణికింది.

సోమవారం 24న చెవి వెనక వాడు గీరుకున్న పొక్కు ఒకటి ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా, చీముతో కనిపించింది. ఫొటో పంపితే తీసుకురమ్మన్నారు. ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ రాశారు, రెండు రోజుల్లో తగ్గింది. ఎర్రదనం పాకినా, తగ్గిన జ్వరం మళ్ళీ వచ్చినా, నాలుగు రోజులు దాటి జ్వరం ఉన్నా, మత్తుగా పడుకున్నా, తూలుతూ నడిచినా, ఆయాసపడినా, మెడ బిగుసుకున్నా, ఆగకుండా వాంతులైనా ఒక్క క్షణం ఆగకుండా రావాలని మళ్ళీ చెప్పారు. నేను ఆ మాటలన్నీ ఫ్రిజ్ తలుపు మీద కాగితంపై రాసి అంటించాను. అర్ధరాత్రి బుర్ర పనిచేయదు, కాగితం పనిచేస్తుంది.

ఆ రోజు తర్వాత కొత్త పొక్కులు లేవలేదు. 26 బుధవారం శివరాత్రి. ఏటా కోటప్పకొండ తిరునాళ్ళకి వెళ్ళేవాళ్ళం, ఈసారి టీవీలో ప్రభలు చూస్తూ కూర్చున్నాం. మర్నాటికి పొక్కులన్నీ పక్కు కట్టాయి. పక్కులు రాలిపోనక్కర్లేదు, అన్నీ ఎండితే చాలు, ఇక ఎవరికీ అంటుకోదట. అత్తయ్య లెక్క ప్రకారం తొమ్మిదో రోజు వేపాకు, పసుపు నీళ్ళతో తలంటి, అమ్మవారికి పెరుగన్నం నైవేద్యం పెట్టారు. మార్చి 3 సోమవారం నుంచి స్కూల్‌కి పంపాం. డాక్టర్ సర్టిఫికెట్ ఉంటేనే రానిస్తామన్నారు, అది ముందే రాయించుకోండి.

ఆ స్కూల్ గురించి ఒక బాధ ఉంది. సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు తెలిసింది, ఫిబ్రవరి మొదటి వారంలోనే వాడి క్లాసులో ఇద్దరికి వచ్చిందట. సోకిన పది నుంచి ఇరవై ఒక్క రోజుల మధ్య బయటపడుతుంది కాబట్టి లెక్క సరిపోయింది. "తల్లిదండ్రులు కంగారు పడతారని చెప్పలేదు" అన్నారు. అప్పుడే ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే మా ఆడపడుచు ప్రయాణం రెండు వారాలు వాయిదా వేసుకునేవాళ్ళం. ఆ మాట వాళ్ళతో నెమ్మదిగానే అన్నాను, కానీ అన్నాను. ఇకమీదట క్లాసు గ్రూపులో పేర్లు లేకుండా సమాచారం పెడతామని ఒప్పుకున్నారు.

మార్చి 2న ఆడపడుచు తిరిగి ఇంటికి వచ్చింది. 7 శుక్రవారం పొద్దున పాప పొట్ట మీద నాలుగు చుక్కలు. అత్తయ్య మళ్ళీ చెంచుపేట అనబోతే, ఆమె ఈసారి కదల్లేదు. "రిపోర్ట్ ఉందిగా అమ్మా" అని పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. టీకా పుణ్యమో ఏమో, పాపకి మొత్తం ఇరవై దాటలేదు, చాలావాటిలో నీరు కూడా చేరలేదు, జ్వరం ఒక్క రాత్రి 99 దగ్గర ఆగింది. ఇంట్లో రెండో బిడ్డకి ఎక్కువగా వస్తుంది కాబట్టి పొక్కులు పెరిగేలా ఉంటే 24 గంటల్లోపు ఎసైక్లోవిర్ మొదలుపెడదామని డాక్టర్ అన్నారు కానీ అవసరం పడలేదు. ఇవాళ్టికి సగం పైగా ఎండిపోయాయి. బాబు ముఖం మీద లేతగులాబీ మచ్చలున్నాయి, కొన్ని నెలల్లో చాలావరకు పోతాయన్నారు. ముక్కు పక్కన ఒకటి, చెవి వెనక ఒకటి గుంటపడ్డాయి, అవి ఉండిపోతాయేమో.

ఖర్చు మొత్తం చూస్తే టీకా, రక్త పరీక్ష, కన్సల్టేషన్లు, మందులు, ఆటోలు కలిపి ఆరు వేలు దాటింది. అందులో బాబు వైద్యానికి అయినది కాస్తే.

పాప ప్లేస్కూల్‌కి శుక్రవారం పొద్దున్నే నేనే ఫోన్ చేసి చెప్పాను. టీచర్ మధ్యాహ్నానికల్లా అందరికీ మెసేజ్ పెట్టింది. సాయంత్రం ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ళ బాబు మా పాప పక్కనే కూర్చుంటాడట, ఆమెకి నాలుగో నెల, చిన్నప్పుడు వచ్చిందో లేదో తెలియదట. ఐజీజీ అని కాగితం మీద రాసుకోమన్నాను, చీటీలో ఐజీఎమ్ అని రాస్తే దిద్దించమన్నాను, ఆ రాత్రే ఆమె డాక్టర్‌తో మాట్లాడించాను. శనివారం రక్తం ఇచ్చారు. మధ్యలో ఆదివారం వచ్చింది, రిపోర్ట్ రేపు సాయంత్రం వస్తుందట. వాళ్ళ బాబుకి టీకా వేయించేశారు.